కటింగ్ చేసుకున్నావా, చేయించుకున్నావా?



"మిస్, ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లల ఇంగ్లీషు పాడవుతుందా?" పేరెంట్స్ మీటింగ్‌లో తరచూ వినే ప్రశ్న ఇది. ఈసారి జవాబు టర్కిష్ భాష సాయంతో చెబుతాను.

ఒక సోమవారం క్లాసులో ఒక బాబు "ఐ కట్ మై హెయిర్" అన్నాడు. కత్తిరించింది సెలూన్‌లో అతను కదా! తెలుగులో చెప్పమన్నాను. "కటింగ్ చేయించుకున్నాను మిస్" అన్నాడు తడుముకోకుండా. ఎవరు చేశారో, ఎవరు చేయించారో వాడికి స్పష్టంగా తెలుసు. తెలియనిదల్లా "ఐ గాట్ మై హెయిర్ కట్" అనే ఇంగ్లీషు పద్ధతే.

తెలుగు, టర్కిష్ వేర్వేరు భాషా కుటుంబాలు. అయినా రెండూ ఈ పనిని క్రియకు ప్రత్యయం చేర్చి చేస్తాయి. మనకు 'ఇంచు' ఉన్నట్టే వాళ్లకూ కొన్ని ఉన్నాయి.

• దిర్: యెమెక్ (తినడం) – యెదిర్మెక్ (తినిపించడం). ముందున్న ధ్వనిని బట్టి ఇది దుర్, తిర్ వంటి రూపాల్లోకి మారుతుంది. 'సచిమి కెస్తిమ్' అంటే నా జుట్టు నేనే కత్తిరించుకున్నాను. 'సచిమి కెస్తిర్దిమ్' అంటే కటింగ్ చేయించుకున్నాను.

• ఇర్: కొన్ని చిన్న క్రియలకు. ఇచ్మెక్ (తాగడం) – ఇచిర్మెక్ (తాగించడం).

• త్: అచ్చుతో ముగిసే పొడవైన క్రియలకు. ఒకుమక్ (చదవడం) – ఒకుత్మక్ (చదివించడం). "మా అమ్మాయిని చదివిస్తున్నాం" అని మనం అనే అర్థంలోనూ వాళ్లు ఇదే మాట వాడతారు.

విభక్తులూ కొంతవరకు కలుస్తాయి. పిల్లవాడిని నవ్విస్తాం, పిల్లవాడికి తినిపిస్తాం. టర్కిష్‌లోనూ అంతే. కానీ మనం పిల్లవాడి చేత ఉత్తరం రాయిస్తే, వాళ్లు అక్కడ కూడా 'కి' లాంటి విభక్తే వాడతారు.

ఇంగ్లీషులో ఇలాంటి ప్రత్యయం మామూలుగా వాడరు. మేక్, గెట్, హ్యావ్ అనే విడి మాటలు తెచ్చుకోవాలి. పిల్లలు తడబడేది అక్కడే. భావం మాత్రం ఇంటి భాషలో ముందే సిద్ధంగా ఉంది. దాన్ని ఆపేయకండి, వాడుకోండి.

ఈ వారం భోజనాల దగ్గర ఒక చిన్న ఆట ఆడండి. మీరు "తిన్నాను" అంటే పిల్లలు "తినిపించాను" అనాలి. తర్వాత రెండూ ఇంగ్లీషులో చెప్పాలి. అలాగే హోంవర్క్ గురించి ఒక మనవి: చేయించండి, చేసిపెట్టకండి. ఆ తేడా మన తెలుగుకు బాగా తెలుసు!

— మీ ఇంగ్లీషు టీచర్