పొగ తాగితే మూత్రం చెప్పేస్తుంది

1977లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో యమసాకి, బ్రూస్ ఏమ్స్ అనే శాస్త్రవేత్తలు పొగతాగేవాళ్ల మూత్రం సేకరించి, అందులోని రసాయనాలను చిక్కబరిచి సాల్మొనెల్లా బాక్టీరియా మీద ప్రయోగించారు. బాక్టీరియా జన్యువుల్లో మార్పులు వచ్చాయి. పొగతాగనివాళ్ల మూత్రంతో రాలేదు. ఊపిరితిత్తుల్లోకి పీల్చిన పొగలోని విషం ఒళ్లంతా తిరిగి మూత్రంలో తేలుతోందన్నమాట.

మరి మన కణాల్లోని డీఎన్‌ఏ సంగతేమిటి? డీఎన్‌ఏకు నాలుగు అక్షరాలు. వాటిలో గ్వానిన్ అన్నిటికంటే త్వరగా ఆక్సీకరణకు లోనవుతుంది. అలా చెడిన రూపాల్లో ఒకటి 8-ఆక్సోడీజీ. కణం తన మరమ్మతుల్లో భాగంగా దీన్ని బయటికి నెట్టేస్తుంది. కొంత భాగం డీఎన్‌ఏ తయారీకి సిద్ధంగా ఉన్న ముడిసరుకు నుంచి కూడా వస్తుంది. ఎటునుంచి వచ్చినా చివరికి మూత్రంలోకే చేరుతుంది. పొగతాగేవాళ్లలో ఇది దాదాపు 50 శాతం ఎక్కువగా పోతోందని డెన్మార్క్‌కు చెందిన స్టెఫెన్ లాఫ్ట్ బృందం 1992లో ప్రకటించింది.

కొలవడంలో ఒక చిక్కుంది. రెండు గ్లాసుల నీళ్లు తాగి వస్తే మూత్రం పలచబడి అంకె తగ్గిపోతుంది. అందుకే శరీరం దాదాపు నిలకడగా మూత్రంలోకి వదిలే క్రియాటినిన్ అనే వ్యర్థాన్ని కూడా అదే నమూనాలో కొలిచి, దానితో పోల్చి లెక్క కడతారు.

8-ఆక్సోడీజీ పొగాకుకే పరిమితమైన గుర్తు కాదు. ఇతర కారణాలవల్ల కూడా పెరుగుతుంది. పొగాకు చిరునామా పక్కాగా కావాలంటే ఎన్‌ఎన్‌ఏఎల్‌ను వెతకాలి. పొగాకులోని ఎన్‌ఎన్‌కే అనే క్యాన్సర్ కారకం శరీరంలో మారితే ఇది తయారవుతుంది. పక్కవాళ్లు వదిలిన పొగ పీల్చినవాళ్ల మూత్రంలో కూడా ఇది ఉందని స్టీఫెన్ హెక్ట్ బృందం 1993లో చూపింది. ఖైనీ నమిలేవాళ్లకూ దీని నుంచి తప్పించుకునే దారిలేదు. షాంఘై, సింగపూర్‌లలో ముందుగానే మూత్రం సేకరించి ఏళ్ల తరబడి గమనించిన పొగతాగేవాళ్లలో, ఎన్‌ఎన్‌ఏఎల్ ఎక్కువున్నవాళ్లకే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా వచ్చింది.

అయితే ఈ అంకెలు గుంపులకు సంబంధించినవి. ఒక్క మనిషి మూత్రం చూసి ఫలానా రోజున క్యాన్సర్ వస్తుందని ఏ డాక్టరూ చెప్పలేడు.

మానేస్తే ఏమవుతుందో కూడా డెన్మార్క్‌లోనే పరీక్షించారు. పొగతాగేవాళ్లను చీటీలు తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపు చేత అలవాటు మాన్పించారు. 1998లో వచ్చిన ఫలితం ప్రకారం, 4 వారాలు తిరిగేసరికి వాళ్ల మూత్రంలో 8-ఆక్సోడీజీ సుమారు 21 శాతం తగ్గింది.