విపత్తు విధుల్లో ఉన్నవారికీ మానసిక గాయం
సహాయక సిబ్బంది, అధికారులు, పాత్రికేయులు గమనించవలసిన అంశాలు

2023 జూన్ 2వ తేదీన ఒడిశాలోని బాలాసోర్ జిల్లా బహనాగా బజార్ స్టేషన్ వద్ద కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌తో సహా మూడు రైళ్లు ప్రమాదానికి గురై 290 మందికి పైగా మరణించిన సంగతి విదితమే. సహాయక చర్యల్లో పాల్గొన్న జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం సిబ్బందిలో ఒకరికి నీరు చూసినప్పుడల్లా రక్తంలా కనిపిస్తున్నదని, మరొకరికి ఆకలి నశించిందని దళం అప్పటి డైరెక్టర్ జనరల్ శ్రీ అతుల్ కర్వాల్ నాలుగు రోజుల అనంతరం ఢిల్లీలో జరిగిన ఒక సదస్సులో వెల్లడించారు. వారికి కౌన్సెలింగ్ ఏర్పాటు చేస్తున్నట్లు కూడా తెలిపారు. వీరు ఆ రైళ్లలో ప్రయాణించినవారు కారు. ఆప్తులను పోగొట్టుకున్నవారూ కారు.

మృతదేహాలను తాత్కాలికంగా భద్రపరచిన బహనాగా ఉన్నత పాఠశాలకు వెళ్లేందుకు పిల్లలు భయపడగా, ఆ నెల 9వ తేదీన భవనం కూల్చివేత ప్రారంభమైంది. ప్రమాదాన్ని కంటితో చూడని పిల్లలకు సైతం ఆ గదులు భయ కారణమయ్యాయి.

ఈ స్థితిని వైద్యశాస్త్రం పరోక్ష మానసిక ఆఘాతంగా పరిగణిస్తున్నది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో ప్రచురించిన రోగ నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5, ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మతకు దారితీసే కారణాలలో విధి నిర్వహణలో భాగంగా దారుణ వివరాలకు పదే పదే గురికావడాన్ని కూడా చేర్చింది. మానవ అవశేషాలను సేకరించేవారు, బాలలపై జరిగిన నేరాల వివరాలను పదే పదే వినవలసి వచ్చే పోలీసులు అందులో ఉదాహరణలు. టీవీలోనో, చిత్రాలలోనో చూసినంత మాత్రాన ఈ నిబంధన వర్తించదు. అయితే ఆ చూడటం ఉద్యోగ బాధ్యతయైతే వర్తిస్తుంది. వార్తాపత్రిక కార్యాలయంలో కూర్చుని వందలాది ఫోటోల నుండి ప్రచురణకు తగిన ఒకదానిని ఎంపిక చేసే ఉపసంపాదకుడు, శవ పంచనామా వ్రాసే రెవెన్యూ ఉద్యోగి, 108 వాహన సిబ్బంది ఈ పరిధిలోకి రాగలవారే. ఘటనా స్థలానికి వెళ్లిన విలేకరి గురించి ఆలోచించినంతగా డెస్క్‌లోని వ్యక్తి గురించి ఎవరూ ఆలోచించరు.

సాధారణ వీక్షకులు సైతం పూర్తిగా సురక్షితులు కారు. 2013 బోస్టన్ మారథాన్ బాంబు పేలుళ్ల తరువాతి వారంలో రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలను అనుసరించినవారిలో తీవ్ర ఒత్తిడి లక్షణాలు, పేలుళ్ల వద్ద స్వయంగా ఉన్నవారిలో కంటే అధికంగా ఉన్నట్లు మరుసటి సంవత్సరం వెలువడిన ఒక అధ్యయనం పేర్కొన్నది. ఒకే దృశ్యాన్ని రోజంతా తిప్పి తిప్పి ప్రసారం చేసే అలవాటును ఈ కోణంలో పునరాలోచించవలసి ఉన్నది.

నిద్రలేమి, పీడకలలు, చిరాకు, ఆ దృశ్యాలు అకస్మాత్తుగా కళ్లముందు మెదలడం, ఆ ప్రదేశానికి దూరంగా తిరగడం తొలి రోజుల్లో చాలామందికి అనుభవంలోకి వచ్చేవే. అత్యధికులు కొద్ది వారాల్లో తమంతట తామే కోలుకుంటారు. మానసిక స్థైర్యమంటే ఏ బాధా కలగకపోవడం కాదు, బాధ కలిగిన పిదప దైనందిన జీవితానికి మరలి రాగలగడం. గట్టివాడికి ఇటువంటివి అంటవన్న మాట కార్యాలయాల్లో తరచు వినవస్తుంది. ఆ మాటకు జంకి లక్షణాలను దాచుకునే సిబ్బందికే సహాయం ఆలస్యమవుతున్నది. నెల దాటినా తగ్గకపోయినా, విధులకు ఆటంకమైనా వైద్యుని సంప్రదించడం అవసరం.

ఘటన జరిగిన వెంటనే సిబ్బంది అందరినీ కూర్చోబెట్టి చూసినదంతా చెప్పించే పద్ధతి ఒకప్పుడు ప్రచారంలో ఉండేది. అది రుగ్మతను నివారిస్తుందనడానికి ఆధారాలు లభించనందున ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని సిఫారసు చేయడం లేదు. ఇష్టమున్నవారు చెప్పుకుంటే ఆలకించడం, బలవంతపెట్టకపోవడం మేలు. మృతదేహాల తరలింపు, గుర్తింపు వంటి పనులను ఒకే బృందానికి దినాల తరబడి అప్పగించక వంతులవారీగా మార్చడం, భోజన విశ్రాంతులు కచ్చితంగా కల్పించడం, తిరిగి వచ్చినవారిని కొన్ని వారాల తరువాత మరోసారి పలకరించడం పర్యవేక్షక అధికారుల చేతిలో ఉన్న పనులు. వీటికి ప్రత్యేక నిధులు అక్కరలేదు.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరుపై 24 గంటలూ ఉచితంగా, తెలుగులో కూడా లభిస్తున్నది. సర్వీసు రికార్డుకెక్కుతుందన్న సంకోచంతో వెనుకాడే ఉద్యోగులు, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 చికిత్స వివరాల గోప్యతను హక్కుగా గుర్తించిన విషయం గమనించవలసి ఉన్నది. చికిత్స పొందుతున్న వ్యక్తి ఫోటోను గాని, వివరాలను గాని ఆ వ్యక్తి సమ్మతి లేకుండా మాధ్యమాలకు విడుదల చేయరాదని కూడా అదే చట్టం నిర్దేశిస్తున్నది.