కోర్టు బయట నాన్న!

పెన్నా ఒడ్డునున్న సంగం నుంచి నెల్లూరు స్టేడియానికి పిల్లాణ్ని రోజూ ఆటకు తీసుకెళ్లాలంటే తండ్రి తెల్లవారకముందే బండి తీయాలి. బడి వేళకు మళ్లీ ఊరు చేరాలి. అంత కష్టపడ్డ మనిషి కోర్టు బయట నోరు మెదపకుండా కూర్చోవడమంటే మాటలా! 'వెనక్కెళ్లు... వెనక్కెళ్లు' అని కేకేస్తాడు. అదే క్షణంలో కోచ్ 'నెట్ దగ్గరికి రా' అంటాడు. పిల్లాడు నాన్న వంక చూస్తాడు. ఈలోగా షటిల్ కింద పడిపోతుంది.

పిల్లలకు ఆట నేర్పడంకన్నా పెద్దలకు సర్దిచెప్పడమే కష్టమని కోచ్‌లు వాపోయేది ఇందుకే. అలాగని తండ్రిని పొమ్మనలేరు. ఆయన బండి తీయకపోతే ఆటే లేదు.

పి.వి.సింధు కథే చూడండి. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన వాలీబాల్ జట్టు సభ్యుడు, అర్జున అవార్డు గ్రహీత. తల్లి విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే. సికింద్రాబాద్ నుంచి గచ్చిబౌలిలోని గోపీచంద్ అకాడమీకి రోజూ అంత దూరం కూతుర్ని తిప్పిందీ, రియో ఒలింపిక్స్ ముందు రైల్వే ఉద్యోగానికి నెలల తరబడి సెలవు పెట్టిందీ ఆ తండ్రే. 2016లో రజతం వచ్చాక గోపీచంద్ ఓ సంగతి చెప్పారు. మూడు నెలలపాటు సింధు చేతికి ఫోన్ ఇవ్వలేదట. రియోలో తియ్యటి పెరుగూ, ఐస్‌క్రీమూ కూడా బంద్! 'పాపం, బిడ్డ' అని ఇంట్లోవాళ్లు అడ్డుపడి ఉంటే ఆ కట్టడి ఎన్నాళ్లు నిలిచేది?

అంతటి అనుబంధమూ ఎప్పుడూ ఒకేలా సాగలేదు. 2020 అక్టోబరులో సింధు లండన్‌లో ఉండగా, 2018 ఆసియా క్రీడల తర్వాత ఆమె శిక్షణపై గోపీచంద్ ఆసక్తి చూపలేదని రమణ అన్నారు. అది పత్రికలకెక్కింది. కోచ్‌తోగానీ అకాడమీతోగానీ తనకు ఇబ్బందేమీ లేదని సింధు చెప్పుకోవాల్సి వచ్చింది. తప్పొప్పుల సంగతి పక్కన పెడితే, మధ్యలో నిలబడ్డది మాత్రం ఆటగత్తె. తర్వాతి ఏడాది టోక్యోలో ఆమె కాంస్యం గెలిచింది, కొరియా కోచ్ పార్క్ శిక్షణలో.

గోపీచంద్ కూడా తండ్రే. కూతురు గాయత్రి 2022, 2023లో ట్రీసా జాలీతో కలిసి ఆల్ ఇంగ్లండ్ సెమీస్ దాకా వెళ్లింది. డబ్బున్నవాళ్లయితే తప్ప పిల్లల్ని ఆటల్లోకి పంపొద్దని 2025 ఫిబ్రవరిలో ఆయన అన్నప్పుడు చాలామంది ఉలిక్కిపడ్డారు. అమ్మానాన్నల కేకల వెనకున్నది ఆ భయమే మరి. చదువు పోయి, పతకమూ రాకపోతే?

అందుకే అనుభవమున్న కోచ్ ఆ భయంతోనే మాట్లాడతాడు. చేర్చుకున్న రోజే కూర్చోబెట్టి, ఆడించేది తానేనని చెబుతాడు. సందేహాలుంటే పిల్లాడి ఎదుట కాదు, నెలకోసారి విడిగా అడగమంటాడు. ఊరికే కూర్చోలేని తండ్రి చేతికి స్కోరు పుస్తకం ఇస్తాడు. ఓడిన రోజు మ్యాచ్ ఊసెత్తొద్దని మాట తీసుకుంటాడు. అన్నిటికన్నా కష్టమైంది ఇదే. తిరుగు దారిలో బండి మీద పిల్లాడు ఎక్కడికీ తప్పించుకోలేడు కదా!

ఆ పూట నాన్న అడగాల్సింది 'ఆకలేస్తోందా?' అని మాత్రమే. నెల్లూరు కారం దోసె సగం తిన్నాక, ఆ షటిల్ ఎందుకు వదిలేశాడో వాడే చెబుతాడు.