బడిలో ఒక మడి

పిల్లలు తామే విత్తి, నీళ్లు పెట్టి, కలుపు తీసి, కోసుకునే కూరగాయల మడులే బడితోట. నాలుగు మడుల తోటకూర బడి మొత్తానికి ఒక పూట పప్పులోకి వస్తే అదే ఎక్కువ. కాబట్టి దాని విలువను కిలోల్లో కాక, పుస్తకంలోని పాఠం ఎంతవరకు పిల్లల చేతికొచ్చిందన్న దాన్నిబట్టి చూడాలి.

ఈ ఆలోచన పాతదే. జర్మన్ విద్యావేత్త ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల కోసం ఒక సంస్థ నెలకొల్పి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని ఆ మాటకు అర్థం. ఆయన పద్ధతిలో నిజం తోటకూ చోటుంది: పిల్లలకు తలా ఒక చిన్న మడి, అందరికీ కలిపి ఉమ్మడి మడులు. మన దేశంలో 1937లో జరిగిన వార్ధా సదస్సులో, చదువు చేతిపని ద్వారా సాగాలని గాంధీజీ ప్రతిపాదించారు. ప్రణాళిక రూపొందించిన జాకీర్ హుసేన్ కమిటీ వడుకు, నేత, వడ్రంగంతో పాటు వ్యవసాయాన్నీ, పండ్లు కూరగాయల తోటపనినీ అందులో చేర్చింది. 2019లో కేంద్ర ప్రభుత్వం మధ్యాహ్న భోజన పథకం కింద బడుల్లో పోషకాహార తోటలకు మార్గదర్శకాలు ఇచ్చింది. జాగా లేనిచోట కుండీల్లో, డబ్బాల్లో, మిద్దె మీద పెంచినా సరిపోతుంది.

తెలుగు రాష్ట్రాల్లో బడులు తెరిచేది జూన్‌లో, తొలకరి వేళకే. మొదట తోటకూర వేయడం మేలు. సన్నటి ఆ గింజలను ఇసుకలో కలిపి చల్లితే ఒకచోట గుత్తిగా పడవు. నెల తిరిగేసరికి కూర చేతికొస్తుంది. చిన్న తరగతుల పిల్లల ఓపికకు ఆ నెల సరైన కొలత. బెండకు సుమారు 50 రోజులు ఆగాలి. పందిరి మీది బీర, చిక్కుడు అంతకంటే ఎక్కువ ఓపిక నేర్పుతాయి.

బీరపాదు ఒక్కటి చాలు, పరాగసంపర్కం పాఠమంతా చెప్పడానికి. దానికి మగపూలు గుత్తులుగా, ఆడపూలు విడిగా వస్తాయి. ఆడపువ్వు కింద వేలెడంత పిందె ముందే కనిపిస్తుంది. పూలు విచ్చేది సాయంత్రం పూట. పుప్పొడి అందకపోతే ఆ పిందె పసుపుబారి రాలిపోతుంది. పిల్లలు విచ్చిన మగపువ్వును తెంపి, దాని పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రానికి అద్ది, ఆ తొడిమకు ఒక దారం కట్టి ఉంచవచ్చు. దారం కట్టిన పిందె ఊరుతుంటే, పక్కనున్నది వాడిపోతుంటే, తేడా ఎక్కడుందో వాళ్లే చెబుతారు.

అలసంద మొక్కను వేళ్లతో సహా జాగ్రత్తగా పెకలిస్తే చిన్నచిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు ఉంటుంది. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే రైజోబియం బ్యాక్టీరియా అక్కడ పనిచేస్తున్నదనడానికి అది గుర్తు. చిక్కుడు తీగకు పేనుబంక పట్టినప్పుడు అక్షింతల పురుగులు వచ్చి తింటాయి. పురుగులన్నీ శత్రువులు కావని చెప్పడానికి అంతకు మించిన బొమ్మ అక్కర్లేదు.

లెక్కలకూ మడి పనికొస్తుంది. 3 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు మడిలో వరసకూ వరసకూ 60 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ 30 సెంటీమీటర్లు వదిలి బెండ వేస్తే 20 గింజలు పడతాయి. అందులో 16 మొలిస్తే మొలక శాతం 80. వారం వారం మొక్క ఎత్తు కొలిచి రాసుకుంటే గ్రాఫుకు కావలసిన అంకెలు తోటలోనే దొరుకుతాయి.

తాము పెంచిన కూరను రుచి చూడటానికి పిల్లలు ముందుకొస్తారు. కంచంలో పక్కకు నెట్టే తోటకూరకు ఆ విధంగా ఒక అవకాశం దొరుకుతుంది. కంచాలు కడిగిన నీళ్లను అరటి పాదులోకి మళ్లిస్తే, కూరగాయల తొక్కలను ఎరువు గుంతలో వేస్తే, వంటగదికీ తోటకూ లంకె కుదురుతుంది.

అయితే టైంటేబుల్‌లో చోటివ్వని తోట నాటిన రోజు ఫొటోతోనే ఆగిపోతుంది. వారానికి ఒక పీరియడైనా దానికి కేటాయించాలి. నీళ్ల వంతు, కలుపు వంతు అబ్బాయిలకూ అమ్మాయిలకూ సమానంగా రావాలి. అల్లరి చేసినవాళ్లకు తోటపనిని శిక్షగా వేస్తే, మట్టిపని తక్కువ పని అన్న పాఠాన్ని బడే నేర్పినట్టవుతుంది. పురుగుమందులు పిల్లల చేతికి ఇవ్వకూడదు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించాలి.

అసలు చిక్కు ఎండాకాలం సెలవులు. అప్పుడు నీళ్లు పోసేవాళ్లు ఉండరు. అందుకే గట్టున మునగ, కరివేపాకు లాంటివి వేసి, అవి వేళ్లూనుకునేదాకా సాకితే ఆ తర్వాత ఎండకు ఓర్చుకుంటాయి. మడుల్లోని పంటను సెలవులకు ముందే ముగించాలి. నాలుగు బీరకాయలనూ, బెండకాయలనూ కోయకుండా తీగకూ చెట్టుకూ ఎండనిచ్చి, గింజలు తీసి, బూడిద కలిపి సీసాలో దాచాలి. జూన్‌లో ఆ తరగతికి వచ్చే కొత్త పిల్లలకు విత్తనాలు అవే.