రేడియో లేని పెట్టెలో రేడియో

మా ఊరు ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఉంది. పత్తి పంటే మా బతుకు. నేను డిగ్రీలో చేరిన ఏడు మా నాయన పత్తి అమ్మిన డబ్బుతో ఎమ్మిగనూరులో ఒక పాత కంప్యూటరు, రెండు చిన్న స్పీకర్లు కొనిచ్చినాడు. పదో తరగతి చదివే మా చెల్లెలు కూడా దాని ముందు కూర్చుని పాఠాలు వినేది.

కొన్నాళ్లకు ఒక వింత మొదలైంది. పాఠం నడుస్తుండగానే స్పీకర్లు ‘టిటిటిట్... టిటిటిట్... బుర్ర్’ మని మోత పెట్టేవి. రెండు మూడు క్షణాలకు నాయన బటన్ల ఫోను మోగేది. ఆదోని మార్కెట్ యార్డు నుంచి పత్తి ధర చెప్పే పిలుపు అది. “ఫోను వచ్చేది ఈ డబ్బాకు ముందే తెలుస్తాది సూడు” అని అమ్మ ఆశ్చర్యపోయేది. “కంప్యూటరు చెడిపోయిందేమోరా” అని నాయన దిగులుపడినాడు.

స్పీకర్లను ఒక దుకాణానికి తీసుకుపోయినాము. అక్కడ ఆ మోత రానే లేదు! అయినా దుకాణదారు, “లోపల బోర్డు పోయింది, పదిహేను వందలు పెట్టి కొత్తవి కొనండి” అన్నాడు. ఆ డబ్బు పత్తికి మందు కొట్టడానికని అమ్మ దాచినది. నాయన జేబులో చెయ్యి పెట్టినాడు. “రెండు దినాలు ఆగు నాయనా” అన్నాను. అన్నానే గాని, సైన్సు చదివే కొడుకుగా కారణం చూపించవలసిన బాధ్యత నామీద పడింది.

ఇంటికి వచ్చి ఒక్కొక్కటే మార్చి చూసినాను. కంప్యూటరు నుంచి స్పీకర్ల తీగ పీకేసినా మోత వచ్చింది. అంటే తప్పు కంప్యూటరుది కాదు. శబ్దం తగ్గించే మర పూర్తిగా తిప్పేసినా వచ్చింది. అంటే మోత ఆ మర దాటిన తర్వాతే లోపలికి జొరబడుతున్నది. చెల్లెలి చేత పిలిపించి నాయన ఫోనును నాలుగు బారల దూరం పెడితే మోత ఆగిపోయింది. దొంగ దొరికినాడు!

ఇక కారణం. ఫోను తరంగం సెకనుకు దాదాపు 90 కోట్ల సార్లు ఊగుతుంది. మన చెవి 20 వేలకు మించి వినలేదు. మరి వినపడినదేమిటి? 2జీ ఫోను ఏకధాటిగా ప్రసారం చేయదు. 4.615 మిల్లీసెకన్ల కాలాన్ని ఎనిమిది వాటాలు చేసి, తన వాటాలో మాత్రమే మాట్లాడి తక్కిన సమయం ఊరుకుంటుంది. ఇట్లా సెకనుకు 217 సార్లు తట్టుతుంది. ఆ 217 చెవికి అందే సంఖ్యే.

ఆ తరంగం పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. కనుక మూరెడు స్పీకరు తీగ కూడా యాంటెన్నా అవుతుంది. తీగలో పుట్టిన విద్యుత్తు అటూ ఇటూ సమానంగా ఊగుతుంది. సమాన బలమున్న రెండు ఎద్దులు ఎదురెదురుగా లాగితే బండి కదలదు కదా! అయితే స్పీకరు లోపలి ట్రాన్సిస్టరు ఒక వైపు ఎక్కువగా, మరో వైపు తక్కువగా విద్యుత్తును పోనిస్తుంది. ఒక ఎద్దును విప్పినట్లే. అప్పుడు బండి కదులుతుంది, 217 తట్లు మోతగా బయటపడతాయి.

రేడియో కూడా ఈ సూత్రాన్ని వాడుకుంది. గాలీనా స్ఫటికంతో తరంగాలను పసిగట్టే సాధనానికి మన జగదీశ్ చంద్ర బోస్ 1904లో అమెరికా పేటెంటు పొందినాడు. మన పెద్దలు కడప ఆకాశవాణి విన్న ట్రాన్సిస్టరు రేడియోలోనూ ఈ పని చేయడానికే ఒక డయోడు ఉండేది. అక్కడ కావాలని చేసిన పని, మా స్పీకర్లలో అనుకోకుండా జరిగింది. అంతే తేడా.

అమ్మ చెప్పిన జోస్యం మాటేమిటి? ఫోను మోగకముందే టవరుకు “ఉన్నాను” అని బదులు పలుకుతుంది. స్పీకర్లు విన్నది ఆ పలుకే. దుకాణంలో మేమున్నంతసేపు నాయనకు ఎవరూ ఫోను చేయలేదు. చేసినా, టౌనులో టవరు దగ్గర కనుక ఫోను మెల్లగా పలికితే చాలు. మా ఊరికి టవరు దూరం, అందుకే ఫోను గట్టిగా అరవవలసి వస్తుంది. 2 వాట్ల దాకా శక్తి వాడుతుంది. 4జీ ఫోను ఇట్లా సెకనుకు 217 ముక్కలుగా పలకదు కనుక, నా ఫోను పక్కన పెట్టినా ఆ మోత రాలేదు.

మందు సులభం. ఫోనును దూరంగా పెట్టండి. తీగలు పొట్టిగా ఉంచండి. అప్పటికీ పోకపోతే స్పీకరు దగ్గర తీగకు ఫెర్రైట్ ఉంగరం తొడగండి. మేము పైసా ఖర్చు పెట్టలేదు. ఫోను కిటికీ గూటిలోకి మారింది. పదిహేను వందలు పత్తి చేనికి పోయినాయి.

ట్రాన్సిస్టరు పాఠాన్ని నేను పరీక్షకోసం బట్టీ పట్టినవాణ్ణే. అదే పాఠం మా నాయన జేబు కాపాడుతుందని ఆ దినమే తెలిసింది. మీ ఇంట్లో ఏదైనా పరికరం వింతగా మోత పెడితే, కొత్తది కొనకముందు ఒక్కొక్కటే మార్చి చూడండి.