ఇంటి పని, బయటి పని, మూడు శాస్త్రాలు: నర్సింగు గడప దాటడమెలా?

సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలలో నర్సు ఉద్యోగమంటే గౌరవం ఉంది. ఆ ఉద్యోగానికి ముందు దాటవలసిన చదువు ఎటువంటిదో మాత్రం చాలా ఇళ్లలో తెలియదు. హోసూరు, బళ్లారి, రాయగడ, పర్లాకిమిడి, సిరొంచ, యానాం, ప్రాంతమేదైనా ప్రశ్న ఒక్కటే. ఇంటర్మీడియెట్‌లో చరిత్ర, పౌరశాస్త్రం చదివి, పెళ్లయి, పిల్లలు కలిగి, ఇప్పుడు దుస్తుల కర్మాగారంలోనో, అంగన్‌వాడీలోనో, ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగానో పని చేస్తున్న స్త్రీ నర్సింగులో చేరగలదా? చేరగలదు. ఐతే భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు ఆమె దారికి అడ్డంగా నిలబడి ఉన్నాయి. వాటిని ఎప్పుడు చదవాలి, రోజులో ఏ గంటలలో చదవాలి అన్నది కుటుంబమంతా కూర్చుని తేల్చుకోవలసిన విషయం.

ముందుగా నిబంధనలు. 1947 నాటి చట్టం కింద ఏర్పడిన భారత నర్సింగ్ మండలి పెట్టిన అర్హతల ప్రకారం, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌లో చేరడానికి పన్నెండవ తరగతిలో ఆ మూడు శాస్త్రాలతోపాటు ఇంగ్లీషు ఉండాలి. ఆ మూడు శాస్త్రాలలో కలిపి 45 శాతం మార్కులు రావాలి. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 5 శాతం సడలింపు ఉంది. మూడేళ్ల జీఎన్‌ఎం కోర్సుకు శాస్త్రాలు చదివినవారికి మొగ్గు ఉన్నా, ఆర్ట్స్ చదివినవారు కూడా అర్హులే. మొత్తం మీద 40 శాతం, ఇంగ్లీషులో విడిగా 40 శాతం చాలు. రెండింటికీ వయసు 17 నిండి, 35 దాటకుండా ఉండాలి. ఈ మండలి స్థానంలో జాతీయ కమిషన్‌ను ఏర్పరచడానికి పార్లమెంటు 2023లో చట్టం చేసింది గనుక, చేరదలచిన సంవత్సరపు ప్రకటనను మరొకసారి సరిచూసుకోవడం అవసరం.

ఇది విన్న కుటుంబాలు సాధారణంగా "ఐతే జీఎన్‌ఎం మేలు, సైన్సు గొడవ లేదు" అనుకుంటాయి. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. జీఎన్‌ఎం మొదటి ఏడాదిలో శరీర నిర్మాణ, శరీర ధర్మ శాస్త్రాలకు 90 గంటలు, సూక్ష్మజీవ శాస్త్రానికి 30 గంటలు కేటాయించారు. బైపీసీ చదివిన అమ్మాయికి అందులో సగం పాత పాఠమే. ఆర్ట్స్ చదివిన తల్లికి అంతా కొత్త. పైగా ఆ గంటలు వార్డు పనులు, హాస్టలు నియమాల నడుమ పరుగెత్తుతాయి. జీఎన్‌ఎం ఎంచుకున్నంత మాత్రాన శాస్త్రం తప్పిపోదు. గడప బయట ఉండవలసిన బరువు గడప లోపలికి చేరుతుంది, అంతే. కాబట్టి ఏ కోర్సు ఎంచుకున్నవారైనా చేరడానికి ముందు ఒక ఏడాది, రెండేళ్లు శాస్త్రాలకు కేటాయించడం మంచిది.

ఆ ముందస్తు చదువుకు ఉద్యోగం మానవలసిన అగత్యం లేదు. 1989లో మొదలైన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) పన్నెండవ తరగతిని ఇంటి వద్ద నుంచే చదవనిస్తుంది. రాష్ట్రాల సార్వత్రిక విద్యా సంస్థలలోనూ ఇటువంటి ఏర్పాటు ఉంది. శాస్త్రాలు, ఇంగ్లీషు ఉన్న సార్వత్రిక విద్యను నర్సింగ్ మండలి అంగీకరిస్తుంది. జాతీయ సంస్థకు రాష్ట్ర సరిహద్దులతో పని లేదు. రాయగడలో ఉన్నవారికీ హోసూరులో ఉన్నవారికీ అవే పుస్తకాలు, అదే పరీక్ష. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే నెలల్లో ఒకసారి, అక్టోబరు-నవంబరు నెలల్లో మరొకసారి జరుగుతాయి. నమోదు ఐదేళ్లపాటు చెల్లుతుంది. ఆ వ్యవధిలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి. ఉత్తీర్ణమైన సబ్జెక్టు మార్కులు నిలిచి ఉంటాయి గనుక, ఒక్కొక్క సబ్జెక్టునే పూర్తి చేసుకుంటూ పోవచ్చు. పిల్లల తల్లికి ఈ ఒక్క వెసులుబాటు మిగతా అన్నింటికంటె విలువైనది.

ఇందులో రెండు చోట్ల కాలు జారే ప్రమాదం ఉంది. మొదటిది మార్కులు. సార్వత్రిక విద్యలో 33 మార్కులకు ఉత్తీర్ణత వస్తుంది. బీఎస్సీ నర్సింగ్‌కు కావలసింది 45 శాతం. "పాసయ్యాను" అన్న సంతోషంతో కళాశాలకు వెళ్లి, వెనుదిరగవలసి రావచ్చు. తక్కువ వచ్చిన సబ్జెక్టును మెరుగుదల కోసం మళ్లీ రాసే వీలు ఉన్నది గనుక దానిని వాడుకోవాలి. రెండవది వయసు. ఐదేళ్ల వ్యవధి ఉన్నదని ముప్ఫై రెండేళ్ల స్త్రీ నిదానించడం తగదు. 35 గీత ఆమె కోసం ఆగదు. ఇదివరకే ఇంటర్మీడియెట్ ఉన్నవారు శాస్త్రాలను మాత్రమే విడిగా రాయదలిస్తే, పాత, కొత్త మార్కుల పత్రాలను కలిపి అంగీకరిస్తారా అని తాము చేరదలచిన కళాశాలను, అది అనుబంధమైన విశ్వవిద్యాలయాన్ని ముందే లిఖితపూర్వకంగా అడగాలి. నోటిమాటను నమ్మి రెండేళ్లు ఖర్చు చేయరాదు.

ఏ సబ్జెక్టు ఎప్పుడు రాయాలి? జీవశాస్త్రం, ఇంగ్లీషు రెండూ చదివి గుర్తుంచుకునేవి. వాటిని ఒకే విడతలో పెట్టుకోవచ్చు. రసాయన శాస్త్రం అలా కాదు. రోజూ చేతితో లెక్క వేయాలి, మధ్యలో వారం వదిలితే నెల వెనక్కి పోతుంది. దానిని ఒంటరిగా ఒక విడతకు ఉంచడమే క్షేమం. భౌతిక శాస్త్రం గణితం మరచినవారిని భయపెడుతుంది. దానికి ముందు భిన్నాలు, దశాంశాలు, నిష్పత్తులు ఒక నెల సాధన చేయాలి. ఇక వ్యవసాయ కుటుంబాలకు మరొక చిక్కు ఉంది. అక్టోబరు-నవంబరు పరీక్ష సరిగ్గా ఖరీఫ్ వేరుశెనగ పీకుడు, పత్తితీత రోజులలో పడుతుంది. ఏప్రిల్-మేలో పొలం పని తగ్గుతుంది గాని పిల్లలకు సెలవులు, ఇల్లంతా సందడి. రెండింటిలో ఏది తేలిక అని ఏ పుస్తకమూ చెప్పదు. అమ్మమ్మ ఇంటికి పిల్లలను పంపగలవారికి మాత్రం వేసవి విడతే అనుకూలం.

ఇప్పుడు గంటల లెక్క. కర్మాగారంలో ఎనిమిది గంటలు, రాకపోకలకు రెండు, వంట, నీళ్లు, బట్టలు, పిల్లల పనికి ఐదు, నిద్రకు ఏడు. కలిపితే ఇరవై రెండు. మిగిలిన రెండు గంటలు కూడా ముక్కలు ముక్కలుగా ఉంటాయి. నిద్రను కోసి చదువుకు అతికించడం మన ఇళ్లలో అలవాటు. నాలుగు గంటల నిద్రతో రాత్రి చదివినది తెల్లవారేసరికి నిలవదు, కుట్టు యంత్రం ముందు చేయి తప్పుతుంది. రోజుకు గంటన్నర చొప్పున వారానికి ఆరు రోజులు చదివితే, ఇరవై ఆరు వారాలలో 234 గంటలు వస్తాయి. ఒక విడతకు ఒక కఠినమైన సబ్జెక్టుకు ఆ గంటలు పనికి వస్తాయి. మూడు శాస్త్రాలను ఒకే విడతకు పెట్టుకుంటే ఒక్కొక్కదానికి 78 గంటలే దక్కుతాయి. చాలామంది ఓడిపోయేది తెలివి చాలక కాదు, ఈ భాగహారం ముందే వేసుకోకపోవడం వలన.

దొరికిన గంటలోనూ తేడా ఉంటుంది. ఎవరూ పిలవని గంటను రసాయన, భౌతిక శాస్త్రాల లెక్కలకు ఉంచాలి. బస్సులో, పొయ్యి దగ్గర దొరికే పావుగంటలు జీవశాస్త్ర పదాలకు సరిపోతాయి. తిన్నగా పన్నెండవ తరగతి ఇంగ్లీషు పుస్తకం తెరిచి కళ్లు తిరిగినట్లయ్యేవారు ముందుగా ఇంట్లో పిల్లల తొమ్మిది, పది తరగతుల పుస్తకాలు తీయాలి. అవి తెలుగులో ఉన్నా, కన్నడంలో ఉన్నా, ఒడియాలో ఉన్నా ఫరవాలేదు. సరిహద్దు బిడ్డలకు ఒక లాభం కూడా ఉంది. తెలుగు మూత్రపిండమే కన్నడంలోనూ మరాఠీలోనూ మూత్రపిండ, ఒడియాలో వృక్క. తమిళం మాత్రం సిరునీరగం అని తన దారిన తాను పోతుంది. విషయం అమ్మభాషలో అర్థమైన తరువాత దానికి ఇంగ్లీషు పేరు తగిలించడం కష్టం కాదు.

ఆ ఇంగ్లీషు పేర్లను కూడా సంధి విడదీసినట్లు విడదీయవచ్చు. 'ఐటిస్' అంటే శోథ, అనగా వాపు. నెఫ్రో అంటే మూత్రపిండం, హెపాటో అంటే కాలేయం, గాస్ట్రో అంటే జీర్ణాశయం, ఆర్థ్రో అంటే కీలు. నెఫ్రో, ఐటిస్ కలిసి నెఫ్రైటిస్. మన సంధిలో వలెనే ముందరి అచ్చు లోపిస్తుంది. 'ఎక్టమీ' అంటే కోసి తొలగించడం. ఇటువంటి ముక్కలు యాభై పట్టుబడితే కొన్ని వందల పదాలు వాటంతటవే విడిపోతాయి.

వంటింట్లోనూ పాఠం ఉంది. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగుతుంది. ఉప్పు గాఢత ఎక్కువ ఉన్న వైపుకు కణాలలోని నీరు వెళ్లడమే అది. పుస్తకంలో దాని పేరు ఆస్మాసిస్, తెలుగులో ద్రవాభిసరణం. నరంలోకి వట్టి నీరు ఎక్కించకూడదనడానికి కారణం దీనికి తలకిందులు: నీరు ఎర్ర కణాలలోకి చొరబడి వాటిని పగులగొడుతుంది. అందుకే సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. పిల్లలకు విరేచనాలైనప్పుడు కలిపే ఓఆర్‌ఎస్ పొట్లంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నాటి సూత్రం ప్రకారం, లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సిట్రేటు ఉంటాయి. ఆ 2.6ను ఉప్పు అణుభారమైన 58.5తో భాగిస్తే సుమారు 0.044 మోల్ వస్తుంది. మోల్ అంటే ఏమిటో అర్థంకాక పుస్తకం మూసినవారికి ఈ పొట్లం మంచి గురువు. అలాగే నర్సు రోజూ వేసే లెక్క ఒకటి: 500 మిల్లీలీటర్ల సీసా నాలుగు గంటలలో ఎక్కాలి, గొట్టంలో మిల్లీలీటరుకు 20 చుక్కలు. పది వేల చుక్కలు, 240 నిమిషాలు. నిమిషానికి దాదాపు 42 చుక్కలు. ఐదవ తరగతి భాగహారమే.

ఇంటివారి సంగతి చెప్పకుండా ఈ విషయం పూర్తికాదు. "చదువుకో, మేము వద్దన్నామా" అనడం అనుమతి మాత్రమే. ఆమెకు కావలసింది సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు తన పేరు ఎవరూ పిలవని సమయం. ఆ వేళకు గిన్నెలు భర్త కడగాలి, పిల్లల హోంవర్కు పెద్ద బిడ్డో మామగారో చూడాలి. పరీక్షకు ముందు పది రోజులు చుట్టాల పెళ్లిళ్లకు ఆమె లేకుండానే వెళ్లి రావాలి. అత్తగారు ఈ మాట బంధువులకు తానే చెబితే సగం భారం దిగుతుంది. ప్రయోగ తరగతులకు అధ్యయన కేంద్రానికి వెళ్లవలసిన రోజులను ముందే తెలుసుకుని, పని చేసే చోట సెలవులు ఆ రోజులకే దాచుకోవాలి.

కోర్సులో చేరిన తరువాత లెక్క మారుతుంది. ప్రాథమిక నర్సింగు చదువు దూరవిద్యలో లేదు. ఎవరైనా అలా ఇప్పిస్తామంటే దూరంగా ఉండాలి. 2021 నిబంధనల ప్రకారం బీఎస్సీలో ప్రతి సబ్జెక్టుకు 80 శాతం హాజరు లేనిదే పరీక్షకు కూర్చోనివ్వరు. పట్టా చేతికి రావడానికి ఆసుపత్రి శిక్షణ నూటికి నూరు పాళ్లు పూర్తి కావాలి. అంటే అప్పటి వరకు చేసిన ఉద్యోగం ఆగిపోతుంది. ముందస్తు చదువు సాగే రెండేళ్లలోనే ఆ జీతం నుంచి కొంత పక్కన పెట్టడం అందుకే. అనేక కళాశాలలు హాస్టలులో ఉండమంటాయి. చిన్న బిడ్డ ఎవరి దగ్గర ఉంటుందన్నది దరఖాస్తు నింపకముందే తేలాలి.

కళాశాల ఏ రాష్ట్రంలో అన్నది చివరి ప్రశ్న. ప్రభుత్వ సీట్లకు స్థానికత చూస్తారు. ఒడిశాలోనో కర్ణాటకలోనో చదివి పెరిగినవారు మాతృభాష తెలుగు అన్న కారణంతో ఆంధ్రలో స్థానికులు కారు. గుర్తింపు ఉన్నదా లేదా అన్నది గోడ మీది బోర్డును బట్టి కాక, జాతీయ మండలి జాబితాలోనూ, రాష్ట్ర నర్సింగ్ మండలి జాబితాలోనూ ఆ ఏటి పేరు చూసి నిర్ణయించుకోవాలి. చదువు ముగిశాక నమోదు ఆ రాష్ట్ర మండలిలోనే జరుగుతుంది. తరువాత సరిహద్దు దాటి ఉద్యోగం చేయదలిస్తే అక్కడి మండలిలో మళ్లీ నమోదు చేయించుకోవాలి. అప్పుడు అడిగే పత్రాలలో సార్వత్రిక విద్య మార్కుల పత్రం కూడా ఉండవచ్చు గనుక, దాని అసలు ప్రతిని ఎవరి చేతికీ వదలకుండా ఇంట్లోనే భద్రపరచాలి.