సగటు లెక్కలో కూలీ ఎక్కడ?

రాజధాని భూసమీకరణ మీద ఎవరు వాదించినా ఎకరాల్లోనే మాట్లాడతారు. సెంటు భూమి లేని కుటుంబం ఆ లెక్కలోకి రాదు. అందుకే మనం కుటుంబాల్లో లెక్క వేద్దాం.

2015లో తుళ్లూరు ప్రాంతంలో మెట్ట భూమి ఇచ్చిన పట్టా రైతుకు ఎకరాకు ఏడాదికి 30,000 రూపాయల కౌలు, ఏటా 3,000 పెంపు, పదేళ్ల పాటు. పైగా 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. దళితుల చేతిలో ఎక్కువగా ఉన్న అసైన్డ్ భూమికి మాత్రం 2016 నాటి జీవో 41 తక్కువ గజాలే రాసింది. భూమిలేని కుటుంబానికి నెలకు 2,500 పింఛను. ఏడాదికి అదీ 30,000 కాబట్టి తొలి ఏడు ఎకరం రైతుతో సమానమే అనిపిస్తుంది. పదో ఏటికి కౌలు 57,000 అవుతుంది. పింఛను ఏళ్ల తరబడి 2,500 దగ్గరే ఉండిపోయింది. స్థలం ఊసే లేదు.

ఇంతకీ ఆ పింఛను పోయిన కూలికి సరితూగిందా? భూసమీకరణ లేకపోతే ఆ కుటుంబం ఎంత సంపాదించేదో తెలిస్తేనే చెప్పగలం. ముందూ వెనకా పోల్చితే చాలదు, కూలి రేట్లు అన్నిచోట్లా మారుతుంటాయి. అందుకే భూమి పోని పక్క ఊళ్లు కావాలి. ఊహకు: తుళ్లూరులో పనిదినాలు 150 నుంచి 90కి, పక్క ఊళ్లలో 150 నుంచి 140కి తగ్గాయనుకుందాం. అరవైలోంచి పది తీసేస్తే యాభై రోజులు పథకం ఖాతాలో పడతాయి. దీన్నే తేడాల్లో తేడా పద్ధతి అంటారు.

పక్క ఊళ్లంటే సహజంగా తోచేవి పల్నాడు జిల్లా అమరావతి మండలానివి. (పేరిచ్చిన పాత అమరావతి రాజధాని 29 గ్రామాల్లో లేదు.) కానీ తుళ్లూరులో పని పోయిన కూలీలు అక్కడికే పోతే అక్కడా పనిదినాలు తగ్గుతాయి. అప్పుడు మన లెక్క నష్టాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. ఇంకాస్త దూరపు మండలం ఎంచుకోవడం మేలు.

ఇప్పుడది మరీ అవసరం. 2025లో రెండో విడత సమీకరణకు వైకుంఠపురం, పెదమద్దూరు, ఎండ్రాయి, కర్లపూడి వంటి అమరావతి మండల గ్రామాలనే ఎంచుకున్నారు. సేద్యం ఆగాక సర్వే చేస్తే పాత స్థితి దొరకదు. విద్యార్థి బృందాలు ముందే వెళ్లాలి. పట్టాదారుల జాబితా పట్టుకుని కాదు, ఎస్సీ కాలనీలో ఇంటింటికీ. గత ఏడాది ఎన్ని రోజులు పని దొరికిందంటే ఎవరికీ గుర్తుండదు. పత్తి తీతకు ఎన్ని రోజులు, మిరప కోతకు ఎన్ని, కౌలుకు చేసిన చెక్క ఎంత అని ఆడవాళ్లనూ మగవాళ్లనూ విడివిడిగా అడగాలి.